లెక్కల సారుకు మధ్యాహ్నం హాజరు

కాలేజీ లెక్చరర్లకు కొన్నాళ్ళకు తుప్పు పడుతుందని ఢిల్లీలో ఎవరో పెద్దలు కనిపెట్టారు. ఆ తుప్పు సరిగ్గా మూడు వారాల్లో వదులుతుందని కూడా వాళ్ళే కనిపెట్టారు. వదిలించే కార్యక్రమానికి రిఫ్రెషర్ కోర్సు అని పేరు. ఒకటి చేస్తే సీనియర్ స్కేలు, రెండోది కూడా చేస్తే రీడర్ హోదా. చేయని వాళ్ళు లెక్చరర్లుగా చేరి, లెక్చరర్లుగానే దండ వేయించుకుని ఇంటికి పోవాలి.

నా ఉద్యోగ జీవితంలో ఇలాంటివి మూడు చేశాను. వాటిలో ఏం నేర్చుకున్నావని అడిగితే నిజమే చెప్తాను. టీ విరామానికి ముందు తలుపు పక్క కుర్చీలో కూర్చోవాలని నేర్చుకున్నాను. నలభై మందికి లెక్కపెట్టి నలభై సమోసాలే తెస్తారు, ముందు లేచినవాళ్ళు రెండేసి తీసుకుంటారు. ఈ జ్ఞానం ఆ తర్వాత చాలా పెళ్ళిళ్ళలో కూడా ఉపయోగపడింది.

ఈ కోర్సులు పెట్టేది ఎప్పుడూ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. మార్చి ఆఖరులోగా గ్రాంటు ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుందట. పిల్లల పరీక్షలు కూడా అప్పుడే. పిల్లలకు మా అవసరం ఎక్కువగా ఉన్న రోజులు చూసి మమ్మల్ని క్లాసుల్లోంచి తీసుకుపోయి, సిటీకి ఆ చివరన ఉన్న యూనివర్సిటీలో కూర్చోబెట్టి, పిల్లలకు పాఠం ఎంత బాగా చెప్పాలో చెప్పేవాళ్ళు. ఇందులో తప్పేముందని ఎవరూ అనుకున్నట్టు లేదు. నేనూ అనుకోలేదు, నాకు సర్టిఫికెట్ కావాలి.

నేను పనిచేసింది పాతబస్తీలో ఒక అమ్మాయిల డిగ్రీ కాలేజీ. ఎవరో నవాబు కట్టుకున్న పాత మహలు, దేవిడీ అంటారు, కింద దుకాణాలు, పైన మేము. మాది కోస్తా వైపు. మా వారికి ఇక్కడ ఆఫీసు ఉద్యోగం కావడంతో మొఘల్‌పురాలో ఒక పోర్షన్ తీసుకున్నాం. కాలేజీకి నడిచి వెళ్ళేదాన్ని. మా చుట్టాలు ప్రతి ఉత్తరంలోనూ "అక్కడ ఎలా ఉంటున్నావే" అని అడిగేవాళ్ళు. సుఖంగా ఉన్నానని రాస్తే నమ్మేవాళ్ళు కాదు కాబట్టి, దేవుడి దయ వల్ల నెట్టుకొస్తున్నానని రాసేదాన్ని. నా సబ్జెక్టు ఎకనామిక్స్.

మా కాలేజీ మొత్తానికి లెక్కలు చెప్పేది ఒక్కరే. ఆయన్ని అందరూ లెక్కల సారు అనేవాళ్ళు. గౌలిపురాలో తాతల నాటి నుంచీ పాల వ్యాపారం చేసుకునే ఇల్లు. అన్నదమ్ములందరూ బర్రెల దగ్గర ఉండిపోతే ఈయన ఒక్కరే చదువుకున్నారు. చిన్నప్పుడు బడిలో చదువు ఉర్దూలోనే కావడంతో జీతం రిజిస్టరులో కూడా సంతకం ఉర్దూలోనే పెట్టేవారు. పాఠం మాత్రం మూడు భాషలూ కలిపి చెప్పేవారు. "ఇదర్ దేఖో. గిది జీరో అయితే గదేమైతది? బోలో బోలో, ఫికర్ చెయ్యకు, తప్పైతే నేనున్న కదా" అని ఆయన గొంతు వరండా చివరి దాకా వినిపించేది. పక్క గదిలో నేను డిమాండు సూత్రం చెబుతుంటే, మా అమ్మాయిలు చెవులు అటు పెట్టి లెక్కలు వినేవాళ్ళు.

ఇంత మంచి మాస్టారు కనుకనే ఆయనకు రెండో రిఫ్రెషర్ రాలేదు. ప్రతి ఏడూ దరఖాస్తు పెట్టుకునేవారు. ప్రతి ప్రిన్సిపాలూ దాని మీద 'సబ్జెక్టుకు ఒక్కరే ఉన్నందున రిలీవ్ చేయుట సాధ్యం కాదు' అని రాసి, పైగా నోటితో "మీరు లేకుంటే కాలేజీ ఎట్ల నడుస్తది సార్" అని మెచ్చుకుని పంపేవారు. ఆ మెచ్చుకోలుతోనే పదేళ్ళు గడిచాయి. నన్ను మాత్రం అడిగిన మొదటిసారే రెండు చేతులతో సంతకం చేసి పంపారు. దాని అర్థం ఏమిటో నాకు అప్పట్లో తట్టలేదు.

తొంభైల చివర్లో ఒక కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. కొత్తవారు కావడం వల్ల లెక్కల సారు విలువ తెలియక ఆయన దరఖాస్తు మీద కూడా సంతకం పెట్టేశారు. ఆ విధంగా ఒకే కోర్సుకు మేమిద్దరం వెళ్ళాం. అన్ని సబ్జెక్టుల వాళ్ళకూ కలిపి పెట్టిన కోర్సు అది. నాకు అది రెండోది, ఆయనకూ రెండోదే. కాకపోతే ఆయనకు రిటైర్మెంటు మూడేళ్ళలో ఉంది. ప్రమోషన్ల కమిటీ ఆ జూన్‌లో కూర్చుంటుంది, మళ్ళీ నాలుగేళ్ళకు గానీ కూర్చోదు. ఈసారి సర్టిఫికెట్ రాకపోతే ఆయనకు ఇక రాదు.

మొదటి రోజు బస్సు దిగి లోపలికి నడుస్తుంటే, స్కూటర్ ఆపి నాతో పాటు నడుస్తూ ఆయనే చెప్పారు. "రీడర్ అనిపించుకొని పోవాల్నమ్మా. నా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతె ఇంకో కాలేజీల రీడర్ అయ్యింది. మొన్న పత్తర్‌గట్టిల కలిసి, మస్తు సంబురంగ, 'సార్, మీరు ఇప్పటికి ప్రొఫెసర్ అయి ఉంటరు గదా' అన్నది. ఏం చెప్పాలె? బట్టల దుకాణంల ఏదో బేరమాడుతున్నట్టు అటు తిరిగిన." చెప్పి నవ్వారు. నవ్వేటప్పుడు నా వైపు చూడలేదు.

ప్రారంభోత్సవం గంటా ముప్పావు జరిగింది. జ్యోతి వెలిగించారు, ఫ్యాను గాలికి ఆరిపోయింది, ఫ్యాను ఆపి వెలిగించారు, ఉక్కపోసింది, ఫ్యాను వేశారు. మాకు తలా ఒక రెక్సిన్ సంచీ, ఒక పుస్తకం, ఒక పెన్ను ఇచ్చారు. కోర్సు నడిపే కోఆర్డినేటర్ గారు మమ్మల్ని కమిటీలుగా విడదీశారు. ఒక కమిటీ భోజనాలకు, ఒకటి విహారయాత్రకు, ఒకటి గ్రూప్ ఫోటోకు. "మీరు పాతబస్తీ వాళ్ళు కదా మేడమ్, పూల మార్కెట్ దగ్గరే కదా" అని నన్ను పూలదండల కమిటీలో వేశారు. మొఘల్‌పురాకూ పూల మార్కెట్‌కూ మధ్య ఎంత దూరమో ఆయనకు తెలియదు. చార్మినార్ దాటితే అంతా ఒకటే ఊరని ఆయన లెక్క. మూడు వారాలూ నేను ఆర్థికశాస్త్రంలో నవీన ధోరణుల కన్నా బంతిపూల ధరలే ఎక్కువ తెలుసుకున్నాను.

ఇక ప్రసంగాలు. లెక్చర్ పద్ధతి కాలం చెల్లిపోయిందని ఒకాయన రెండున్నర గంటలు లెక్చర్ ఇచ్చాడు. నోట్సు చూసి చదవకూడదని ఇంకొకావిడ నోట్సు చూసి చదివింది. నవీన బోధనోపకరణాల మీద మాట్లాడటానికి వచ్చినాయన ప్రొజెక్టరులో షీటు తలకిందులుగా పెట్టాడు. సరిచేస్తే అద్దంలో బొమ్మలా వచ్చింది. మళ్ళీ సరిచేస్తే బల్బు పోయింది. "ఏదేమైనా విషయం మీకు అర్థమైంది కదా" అని ఆయన కూర్చున్నాడు. మేము చప్పట్లు కొట్టాం. లెక్కల సారు మాత్రం మొదటి వరసలో కూర్చుని అన్నీ రాసుకునేవారు. చేతెత్తి ప్రశ్నలు కూడా అడిగేవారు. టీ టైము దగ్గరపడ్డాక ప్రశ్న అడిగే మనిషిని మిగతా ముప్పై తొమ్మిది మంది ఎలా చూస్తారో వేరే చెప్పక్కర్లేదు.

కోర్సుకు గుండెకాయ మాత్రం ప్రసంగం కాదు, హాజరు పలక. ప్రతి పూటా ఒక అట్ట మీద కొత్త కాగితం బిగించి, దారంతో పెన్ను కట్టి, ఒక ముసలి అటెండర్ తెచ్చి మొదటి కుర్చీలో ఇచ్చేవాడు. అది వరసలన్నీ తిరిగి వచ్చేది. పేరుకు ఎదురుగా సంతకం ఉంటే మనిషి ఉన్నట్టు. మూడు రోజుల దాకా సెలవు పెట్టుకోవచ్చు, లీవ్ లెటర్ ఇవ్వాలి. లెటర్ లేకుండా రాకపోయినా, మూడు రోజులు మించినా సర్టిఫికెట్ లేదు. ఇదొక్కటే రూలు. అందుకే అందరికీ బాగా అర్థమైంది.

రెండో వారం మొదట్లో ఒక రోజు భోజనాల దగ్గర లెక్కల సారు నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. అంతకు ముందు సాయంత్రం కాలేజీ మీదుగా వెళ్తే ఫైనలియర్ అమ్మాయిలు వరండాలో పట్టుకున్నారట. ఆ ఏడు కర్ఫ్యూ సెలవులు పోను సిలబస్‌లో ఒక పెద్ద ముక్క మిగిలిపోయింది. బయట ట్యూషన్‌కు పంపే ఇళ్ళు కావు అవి. డిగ్రీ తప్పితే మళ్ళీ పరీక్షకు పంపే ఇళ్ళు కూడా కావు.

"జర వినమ్మా," అన్నారు. "మూడు రోజుల లీవు ఉన్నది గదా, అంటే ఆరు పూటలు. పొద్దున ఇక్కడ కూసుంట. మధ్యాహ్నం స్కూటర్ మీద పోయి ఆ పిల్లలకు చెప్త. ఆరు పూటల్ల ఆ చాప్టర్ ఖతం. లెక్క సక్కగ సరిపోయింది."

"బాగుంది సార్," అన్నాను.

"ఒక్క పని చెయ్యాలె నువ్వు. నేను పోయే టైముకు ఆఫీసుల క్లర్కు అన్నానికి పోతడు. రోజు పొద్దున్నే లెటర్ రాసి నీకిస్త. రెండున్నరకు ఆయన వచ్చినంక ఇచ్చెయ్యి. గంతే."

గంతే. అంత చిన్న పని. ఆ మధ్యాహ్నమే మొదటి లెటర్ ఇచ్చి వెళ్ళారు. తెల్ల కాగితం మీద పొందికైన అక్షరాలు, కింద ఉర్దూ సంతకం. రెండున్నరకు నేను ఆఫీసు తలుపు దాకా వెళ్ళాను. క్లర్కు ఉన్నాడు. అక్కడ నిలబడి నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఈయనకు లోకం తెలియదు, ఉన్న మూడు రోజులూ ఇలా క్లాసులకు ఖర్చు పెట్టేస్తే రేపు జ్వరం వస్తే ఏం చేస్తాడు? సంతకమే కదా కావాల్సింది, నేను పెట్టేస్తే సెలవు మిగులుతుంది, తర్వాత చెబితే సంతోషిస్తాడు. ఇలా అనుకుని లెటర్ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

నా గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అదే ఏడు దసరాకు ముందు నా క్లాసులో ఒక అమ్మాయి, రాని స్నేహితురాలికి బదులు "ప్రెజెంట్ మేడమ్" అంది. ఆ పిల్లను నిలబెట్టి, ఇంటి నుంచి పెద్దవాళ్ళను పిలిపించి, ఒక పీరియడంతా శీలం గురించి మాట్లాడాను. చాలా బాగా మాట్లాడానని నాకే అనిపించింది. అలాంటిదాన్ని, ముప్పై ఆరేళ్ళ వయసులో, పక్కవాళ్ళు చూడకుండా మోచేయి అడ్డం పెట్టుకుని దొంగ సంతకం పెట్టాను.

నాకు ఉర్దూ రాదు. పదేళ్ళుగా దుకాణాల బోర్డుల మీద చూడటమే. అందుకని లీవ్ లెటర్ మీది సంతకం చూస్తూ కోర్సు వాళ్ళిచ్చిన పుస్తకం వెనక పేజీలో పది పన్నెండు సార్లు సాధన చేశాను. ఆ మూడు వారాల్లో నేను నిజంగా సాధన చేసిన విషయం అదొక్కటే. పలక రాగానే ఎడమ చివర నుంచి మొదలుపెట్టి ముగ్గు వేసినట్టు మెల్లగా మెలికలు తిప్పి, చుక్కలు పెట్టాను. బాగానే కుదిరింది. నా పక్కన కూర్చునే, ఏదో జిల్లా నుంచి వచ్చిన కామర్స్ లెక్చరర్ మోచేయి సందులోంచి అది చూసి, "మేడమ్ గారూ, మీ దగ్గర ఈ విద్య కూడా ఉందా" అన్నాడు. నాకు సిగ్గు వేయలేదు. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మూడు మధ్యాహ్నాలు అలా గడిచాయి. రోజూ పొద్దున లెటర్ ఇచ్చి, "నిన్నటిది ఇచ్చినవా అమ్మా" అని అడిగేవారు. "ఆఁ సార్" అనేదాన్ని. పెద్ద మనిషికి మేలు చేసేటప్పుడు ఆ మాత్రం అబద్ధం పరవాలేదని నా ఉద్దేశం.

నాలుగో మధ్యాహ్నం యూనివర్సిటీ పెద్ద ఒకాయన చెప్పా పెట్టకుండా వచ్చాడు. ఉపాధ్యాయుడి వృత్తిధర్మం మీద మాట్లాడాడు. నేను అల్లి చెప్పడం లేదు, టైంటేబుల్లో ఆ పూట ఆ విషయమే ఉంది. ఆయన నిజాయితీ దగ్గరకు వచ్చేసరికి హాజరు పలక నా దగ్గరకు వచ్చింది. నాది ఒకటి, లెక్కల సారుది ఒకటి పెట్టి పక్కకు జరిపాను.

ప్రసంగం అయిపోయాక కోఆర్డినేటర్ గారు లేచారు. ఇంత గొప్ప ప్రసంగానికి మనలో అందరికన్నా సీనియర్ వందన సమర్పణ చేస్తే బాగుంటుందన్నారు. పలక తెప్పించుకుని, వేలితో వరసలు దాటుకుంటూ వచ్చి, లెక్కల సారు పేరు దగ్గర ఆగి, "ఆఁ, ఉన్నారు, ఉన్నారు" అని మైకులో పిలిచారు.

ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. నలభై మందిలో ముప్పై తొమ్మిది మందికి తెలుసు ఆయన లేరని. ఆయన ఖాళీ కుర్చీ మొదటి వరసలోనే, ఆ పెద్దాయన ఎదురుగానే ఉంది. "బాత్‌రూమ్‌కు వెళ్ళారేమో" అని ఎవరో అన్నారు. అటెండర్ పోయి చూసొచ్చి, "ఉదర్ కోయీ నై సాబ్" అన్నాడు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. చివరికి మా కామర్స్ లెక్చరర్ గబగబా లేచి పెద్దాయనకూ, కోఆర్డినేటర్‌కూ, మైకు వాళ్ళకూ, కరెంటు వాళ్ళకూ కృతజ్ఞతలు చెప్పి గండం గట్టెక్కించాడు. కోఆర్డినేటర్ గారు ఆ కాగితాన్ని పలక నుంచి విడదీసి మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

మొఘల్‌పురా నుంచి గౌలిపురా ఎంత దూరం? నడిస్తే పావుగంట. ఆ సాయంత్రమే వెళ్ళి జరిగింది చెప్పి ఉండవచ్చు. వెళ్ళలేదు. కోఆర్డినేటర్ మర్చిపోతాడులే అనుకున్నాను. మేము చెప్పుకున్న పాఠాలన్నీ సాయంత్రానికల్లా మర్చిపోయే మనుషులు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటారని ఎవరనుకుంటారు? అలా నాకు నేనే సర్దిచెప్పుకుని చిక్కుడుకాయలు వలుచుకుంటూ కూర్చున్నాను.

పొద్దున లెక్కల సారు హుషారుగా వచ్చారు. "ఇంక రెండు పూటలు చాలమ్మా, పిల్లలు మస్తు పట్టుకున్నరు" అంటూ ఐదో లెటర్ నా చేతిలో పెట్టి మొదటి వరసలోకి వెళ్ళి కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోపే కోఆర్డినేటర్ గారు లోపలికి వచ్చారు. మైకు దగ్గర నిలబడి జేబులోంచి కాగితం తీసి, లెక్కల సారును లేవమన్నారు.

"నిన్న మధ్యాహ్నం మీరు హాల్లో ఉన్నారా?"

"లేను సార్."

"మరి ఈ సంతకం ఎవరిది?"

సారుకు అర్థం కాలేదు. ముందుకు వెళ్ళి కాగితం చేతిలోకి తీసుకున్నారు. కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరగా పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి హాలంతా ఒకసారి చూశారు. నా దగ్గరకు వచ్చేసరికి ఆయన చూపు ఆగిందో లేదో నాకు తెలియదు, ఎందుకంటే అప్పటికే నేను తల దించుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాను.

అప్పుడు నేను చెప్పాల్సిన వాక్యం ఒక్కటే. ఆయన లీవ్ లెటర్ ఇచ్చారు, నేనే అందించలేదు, సంతకం నాది. అవి మూడు వాక్యాలని ఇప్పుడు లెక్కపెడితే తెలుస్తోంది. మూడింటిలో ఒక్కటీ నా నోటి నుంచి రాలేదు. చెబితే ఆయన సర్టిఫికెట్ దక్కుతుంది, నాది పోతుంది. ఇంత తేలికైన లెక్కకు లెక్కల మాస్టారు అక్కర్లేదు.

"నాదే సార్," అన్నారు ఆయన.

"హాల్లో లేనప్పుడు ఎలా పెట్టారు?"

"ముందుగాల్నే పెట్టి పోయిన."

"ఎక్కడికి?"

"మా కాలేజీకి. పిల్లలకు పాఠం చెప్పెటందుకు."

హాల్లో నవ్వులు వినిపించాయి. అందరమూ క్లాసు ఎగ్గొట్టడానికి కోర్సుకు వచ్చినవాళ్ళమే. కోర్సు ఎగ్గొట్టి క్లాసుకు పోయిన మనిషిని మేము ఎప్పుడూ చూడలేదు. కోఆర్డినేటర్ గారికి మాత్రం నవ్వు రాలేదు. "మిమ్మల్ని ఇక్కడికి పిలిచింది మంచి మాస్టారును చేయడానికండీ. మీరు ఇలా పాఠాలు చెప్పుకుంటూ తిరిగితే మంచి మాస్టారు ఎప్పుడవుతారు?" అన్నారు. ఈ మాట ఆయన చాలా గంభీరంగా అన్నారు. పుస్తకాల్లో రాసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

మధ్యాహ్నానికల్లా కాగితం టైపు అయింది. హాజరులో మోసం చేసినందువల్ల కోర్సు నుంచి తిప్పి పంపడమైనది. లెక్కల సారు రెక్సిన్ సంచీ, పెన్ను, పుస్తకం బల్ల మీద పెట్టేశారు. వెళ్ళేముందు నా కుర్చీ దగ్గర ఆగారు.

"ఆ లెటర్ ఇగ ఇయ్యకమ్మా. పనిలేదు," అన్నారు.

అంతే అన్నారు. ఆయనకు ఏమీ తెలియదని, క్లర్కే ఎక్కడో లెటర్లు పోగొట్టాడని అనుకుంటున్నారని నేను గట్టిగా నమ్మాను. నమ్మడం నాకు అవసరం. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఐదు లెటర్లూ చిన్న ముక్కలుగా చింపి నీళ్ళు పోశాను. రెండుసార్లు పోయాల్సి వచ్చింది.

మిగతా కోర్సు దివ్యంగా జరిగింది. ముగింపు సభకు దండలు నేనే తెచ్చాను. మంచి దండలని మెచ్చుకున్నారు. అభిప్రాయాలు రాయమని కాగితాలిచ్చారు. కోర్సు వల్ల మీలో ఏ మార్పు వచ్చిందన్న ప్రశ్న కింద రెండు గీతలు ఖాళీ వదిలారు, నేను 'చాలా' అని రాశాను. నాకు 'ఎ' గ్రేడు వచ్చింది. జూన్‌లో కమిటీ కూర్చుంది, నేను రీడర్ అయ్యాను. లెక్కల సారు క్లాసులో ఆ ఏడు పిల్లలందరూ గట్టెక్కారు. నా ఎకనామిక్స్ సంగతి అడగకండి.

ఆ తర్వాత మా స్టాఫ్ హాజరు పట్టీని హోదాల ప్రకారం మళ్ళీ రాశారు. నా పేరు ఆయన పేరు కన్నా పైకి వెళ్ళింది. ఆయన నాకన్నా పదిహేడేళ్ళు ముందు చేరిన మనిషి. మూడేళ్ళ పాటు రోజూ పొద్దున నేను పైన సంతకం పెట్టేదాన్ని, ఆయన కింద కుడి వైపు నుంచి ఎడమ వైపుకు చకచకా పెట్టి చాక్‌పీసులు తీసుకుని వెళ్ళిపోయేవారు. ఆ రెండో కోర్సుకు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోలేదు. పెట్టుకున్నా ప్రయోజనం లేదని ఆయనకు తెలుసు.

రెండు వేల సంవత్సరం దాటాక ఆయన రిటైరయ్యారు. సన్మాన పత్రం రాసి చదివే బాధ్యత నాకు అప్పగించారు, నా తెలుగు బాగుంటుందని. నిస్వార్థం, అంకితభావం, విద్యార్థుల గుండెల్లో చెరగని ముద్ర, అన్నీ రాశాను. పేరు కింద హోదా రాసే చోటికి వచ్చి ఆగిపోయాను. లెక్చరర్ అని రాశాను. మైకులో ఆ మాట దగ్గర తడబడి, రెండుసార్లు చదివాను. అభిమానం వల్ల అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక స్టాఫ్ రూములో ఆయన ఒక్కరే అలమర ఖాళీ చేసుకుంటున్నారు. నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఇక ఈ రోజు కాకపోతే ఎప్పుడూ చెప్పలేనని తెలుసు.

"సార్, ఆ కోర్సులో మీ లీవ్ లెటర్లు నేను ఇవ్వలేదు. సంతకాలు నేనే పెట్టాను," అన్నాను.

ఆయన పాత ప్రశ్నపత్రాలు ఒక కట్టగా సర్దుతున్నారు. చేతులు ఆగలేదు.

"ఎరికేనమ్మా. నా సంతకం కుడి దిక్కు మొదలైతది. ఆ కాయితం మీద ఎడమ దిక్కు మొదలైంది. ముప్పై ఏండ్ల సంది పేపర్లు దిద్దుతున్న, ఎవరు చూసి రాసిన్రో తెలవదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"నువ్వు చెప్తవనుకున్న," అన్నారు. కట్టకు దారం చుట్టి ముడి వేశారు. "కాయితం పట్టుకొని జర సేపు ఆగిన గదా. నువ్వు లేస్తవేమోనని ఆగిన. నువ్వు బుక్కుల ఏందో రాసుకుంటున్నవ్. సరే, పిల్ల నోట్సు రాసుకుంటున్నది, రాసుకోనీ అనుకున్న."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు హాయిగా ఉండేది. వరండాలో అమ్మాయిలు ఫోటో దిగడానికి పిలుస్తుంటే కట్ట చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళారు.

ఆ రోజు పుస్తకంలో నేనేమీ రాయలేదు సార్, ఊరికే పెన్ను కదిలించాను, అని ఆయనకు చెప్పాలనుకున్నాను. అది కూడా చెప్పలేదు.